రిపోర్టులన్నీ నార్మల్, ఒంట్లో మాత్రం బాగాలేదు: నా అనుభవం

పోయిన ఏడాది నాకు ఛాతీ నొప్పి, బీపీ, దవడ నొప్పి, కడుపు ఉబ్బరం, జుట్టు రాలడం ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు, ఒక్కో ఫైలు. వీటిలో చాలావాటికి మూలం ఒకటేనని తేలేసరికి అక్టోబర్ వచ్చింది. నాలాగే తిరుగుతున్నవాళ్ళు ఇంకా ఉంటారు. ఏ పరీక్షలో ఏం చేస్తారో, ఎక్కడ ఎంత ఆగాల్సి వస్తుందో ముందే తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటుందని రాస్తున్నాను.

ముందు సంగతి క్లుప్తంగా. అంతకు ముందు డిసెంబర్‌లో ఆఫీసులో మా టీమ్‌ని సగానికి తగ్గించారు. పని మాత్రం అంతే ఉంది. రాత్రి పదకొండు దాటాక కాల్స్, పొద్దున్నే మళ్ళీ రిపోర్టులు. మార్చిలో పూర్తి కావాల్సిన ప్రాజెక్టు మే చివరి దాకా సాగింది. నేను చీటికీమాటికీ గాభరాపడే మనిషిని కాదు. ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయితే ముందు నన్నే పిలుస్తారు. "ఇదొక్కటీ అయిపోతే చాలు" అనుకుంటూ నెలలు నెట్టుకొచ్చాను.

ఏప్రిల్ మొదటి వారంలో, రాత్రి రెండింటప్పుడు, ఛాతీ ఎడమవైపు పట్టేసినట్టయి మెలకువ వచ్చింది. గుండె దడదడ కొట్టుకుంటోంది. వేళ్ళ చివర్లలో, పెదాల చుట్టూ తిమ్మిరి. మా ఆయన కారు తీశారు. ఎమర్జెన్సీలో పేరు, వయసు రాసుకోవడం పూర్తికాకముందే ఈసీజీ తీసేశారు. ఛాతీ నొప్పి అని చెబితే అక్కడ ఎవరూ ఆపరు. ఆగాల్సింది ఆ తర్వాతే. ట్రోపోనిన్ అని ఒక రక్త పరీక్ష చేస్తారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ అది. అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి మొదటిసారి నార్మల్ వచ్చినా నన్ను పంపించలేదు. మూడు గంటలు ఉంచి మళ్ళీ రక్తం తీశారు.

ఆ మూడు గంటలు పక్కనున్న మానిటర్‌లో నా పల్స్ అంకె చూస్తూ కూర్చున్నాను. 108. అది చూసి కంగారు, కంగారుతో 114. అది చూసి ఇంకా కంగారు. కాసేపు ఇది గమనించిన నర్సు ఏమీ అనకుండా వచ్చి స్క్రీన్‌ని గోడవైపు తిప్పి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు జరిగిన అసలు వైద్యం అదేనని ఇప్పటికీ అంటుంటాను.

తెల్లవారుతుండగా డ్యూటీ డాక్టర్ వచ్చి, "గుండెకేం కాలేదమ్మా. ఊపిరి మరీ వేగంగా తీసుకున్నారు, అందుకే ఆ తిమ్మిర్లు. టెన్షన్ అయ్యుంటుంది. ఎందుకైనా మంచిది, కార్డియాలజీలో ఒకసారి చూపించుకోండి" అన్నారు. ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దానివల్లే వేళ్ళూ పెదాలూ తిమ్మిరెక్కుతాయని ఆయనే చెప్పారు. హమ్మయ్య అనిపించింది. కారెక్కాక సిగ్గేసింది. ఏమీ లేనిదానికి అర్ధరాత్రి అందరినీ పరుగులు పెట్టించాను కదా అని.

ఆ సిగ్గు అక్కర్లేదని తర్వాత కార్డియాలజిస్టే చెప్పారు. ఈసీజీ, ట్రోపోనిన్ లేకుండా ఆ నొప్పికీ గుండెపోటుకీ తేడా ఆయన కూడా చెప్పలేరట. పైగా విపరీతమైన ఒత్తిడితో గుండె నిజంగానే కొన్నాళ్ళు బలహీనపడే జబ్బు ఒకటుంది, టకోట్సుబో అంటారు. 1990లో జపాన్ వైద్యులు పెట్టిన పేరు. రుతుక్రమం ఆగిపోయిన వయసు ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుందట. కాబట్టి ఇది చదివి ఎవరూ ఛాతీ నొప్పిని "టెన్షనేలే" అని ఇంట్లోనే ఉండిపోవద్దు.

కార్డియాలజీ అపాయింట్‌మెంట్‌కి పది రోజులు పట్టింది. ఎకో అంటే ఎడమవైపు తిరిగి పడుకుంటే చల్లటి జెల్ రాసి స్కాన్ చేస్తారు, నొప్పేమీ ఉండదు. ట్రెడ్‌మిల్ పరీక్షలో మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెంచుతూ పోతారు. సరైన బూట్లు వేసుకెళ్ళండి, నేను చెప్పులతో వెళ్తే వాళ్ళ దగ్గరున్న పాత బూట్లు ఇచ్చారు. రెండూ నార్మల్. కానీ కూర్చోబెట్టి బీపీ చూస్తే 150/96. ఆస్పత్రికి వస్తేనే బీపీ పెరిగేవాళ్ళు కొందరుంటారని, ఒక రోజంతా కొలిచే మిషన్ పెట్టుకుని వెళ్ళమన్నారు.

ఈ మిషన్ గురించి నాకు ముందు ఎవరూ చెప్పలేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చేతికి బీపీ పట్టీ, నడుముకి చిన్న డబ్బా, మధ్యలో మెడ వెనక నుంచి ట్యూబు. పగలు ఇరవై నిమిషాలకోసారి, రాత్రి గంటకోసారి దానంతటదే బిగుస్తుంది. బిగిసేటప్పుడు చెయ్యి కదిలిస్తే రీడింగ్ పోతుంది, రెండు నిమిషాలాగి మళ్ళీ బిగుస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. స్నానం ఉండదు. వదులు చేతులున్న బట్టలు లేకపోతే ఆ రోజంతా నరకమే. నిద్ర సగమే. దానితోపాటు ఒక కాగితం కూడా ఇచ్చారు, ఏ టైముకి ఏం చేస్తున్నానో రాయమని. అదంతా దేనికని విసుక్కున్నాను కానీ, రాశాను.

ఇరవై నాలుగు గంటల తర్వాత మిషన్ తిరిగి ఇచ్చాను. రిపోర్టు రెండు రోజులకు వచ్చింది. పగటి సగటు 142/91. ఇంటి దగ్గర 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క. రాత్రి నిద్రలో మామూలుగా పది నుంచి ఇరవై శాతం తగ్గాలి, నాది తగ్గీ తగ్గనట్టుంది. ఇంతకన్నా నన్ను ఆపేసిన అంకె ఇంకోటి ఉంది. పొద్దున పదకొండింటప్పుడు 164. కాగితంలో ఆ టైముకి నేను రాసింది "మేనేజర్‌తో మీటింగ్". ఆ మీటింగ్ నాకు బాగా గుర్తుంది. చెప్పాల్సింది చెప్పాను, ఒకట్రెండు జోకులు కూడా వేశాను. నాకు ఎక్కడా టెన్షన్ అనిపించలేదు, ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. పట్టీకి మాత్రం తెలిసిపోయింది. అదే రోజు సాయంత్రం ఒక్కదాన్నే నడుస్తున్నప్పుడు 128.

అప్పటిదాకా ఒత్తిడి అంటే మనసుకి తెలిసే విషయమనుకున్నాను. ఏడుపు రావడం, చిరాకు పడటం, నిద్రపట్టక దొర్లడం లాంటివి. అవేవీ లేకపోయినా ఒంట్లో దాని పని అది చేసుకుపోతుందని ఆ కాగితం చూశాకే నమ్మాను.

డాక్టర్ గారు వెంటనే మందు రాయలేదు. ఉప్పు తగ్గించి, నడక పెంచి, నిద్ర సరిచేసుకుని మూడు నెలలకు రమ్మన్నారు. నిద్ర సరిచేసుకోవడం! ఆ మాట అంత తేలిగ్గా ఎలా అంటారో.

మే నెలలో కుడి చెవి పోటు మొదలైంది. ఈఎన్‌టీ దగ్గర రెండు గంటలు కూర్చున్నాక, చెవిలో చూసింది రెండే నిమిషాలు. "చెవి శుభ్రంగా ఉంది. పళ్ళ డాక్టర్‌కి చూపించండి" అన్నారు. చెవి పోటుకి పళ్ళ డాక్టరేమిటని గొణుక్కుంటూ వెళ్ళాను.

ఆ పళ్ళ డాక్టరమ్మ నోరు తెరవమనకముందే నా బుగ్గల మీద, చెవులకు కాస్త ముందు, రెండు వైపులా వేళ్ళు పెట్టి "పళ్ళు గట్టిగా కరవండి" అన్నారు. అక్కడ కండరం గోలీ కాయలా ఉబ్బింది. నొక్కితే ప్రాణం పోయింది. తర్వాత అద్దం చేతికిచ్చి చూపించారు. కోరపళ్ళ మొనలు అరిగి చదునుగా ఉన్నాయి. నాలుక అంచుల మీద పళ్ళ అచ్చులు వరసగా పడి ఉన్నాయి. రాత్రిళ్ళు పళ్ళు నూరుతున్నాను, పగలు కంప్యూటర్ ముందు దవడ బిగించి కూర్చుంటున్నాను. చెవి నొప్పి అనుకున్నది చెవి పక్కనే ఉన్న దవడ కీలు నొప్పి. బుగ్గ లోపల కరుచుకుని అయిన పుండు ఎన్నాళ్ళైనా మానడం లేదని చెబితే, ఆమె నవ్వి మా మీదే ఒక పరిశోధన జరిగిందండీ అన్నారు. 1998లో వచ్చిందట. అమెరికాలో పదకొండుమంది డెంటల్ విద్యార్థుల అంగిట్లో చిన్న గాయం చేసి, సెలవుల్లో ఒకసారి, పరీక్షలప్పుడు ఒకసారి, ఎన్నాళ్ళకు మానుతుందో చూశారు. పరీక్షలప్పుడు నలభై శాతం ఎక్కువ సమయం పట్టింది. "పరీక్షలు రాసినవాళ్ళం కాబట్టి మాకు ఆశ్చర్యం వెయ్యలేదు" అన్నారామె.

రాత్రిపూట పళ్ళకు తొడుక్కోవడానికి నైట్ గార్డ్ అనే తొడుగు చేశారు. పళ్ళ అచ్చు తీయడం పది నిమిషాలు, చేతికి రావడం వారం. మొదటి కొన్ని రాత్రులు చొంగ కారుతుంది, మధ్యరాత్రి తెలియకుండానే తీసి పక్కన పెట్టేస్తాం. అలవాటవుతుంది, ఆగండి. గార్డ్ నూరడాన్ని ఆపదు, పళ్ళు అరగకుండా కాపాడుతుందంతే, ఈ సంగతి ముందే తెలుసుకోండి. పగటికి ఆమె చెప్పిన కిటుకు నాకు దానికంటే బాగా పనికొచ్చింది. పెదాలు మూసి ఉండాలి, పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకూడదు. తినేటప్పుడు తప్ప పైపళ్ళూ కిందిపళ్ళూ తగలాల్సిన పనే లేదట. ఇది చదువుతూ మీ దవడ ఎలా ఉందో చూసుకోండి ఒకసారి.

కడుపు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఉబ్బరం, మీటింగ్‌కి ముందు బాత్రూమ్‌కి పరుగు. ఎండోస్కోపీకి రెండు వారాలు ఆగాను. ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, గొంతులో స్ప్రే కొడతారు, మత్తు తీసుకుంటే ఆ రోజు బండి నడపకూడదు. టెన్షన్‌తో అల్సర్ వచ్చిందని నాకు గట్టి నమ్మకం. అల్సర్ లేదు. అల్సర్లకు టెన్షన్ అసలు కారణం కాదని, ఎక్కువగా హెలికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు కారణమని డాక్టర్ చెప్పారు. ఆ బ్యాక్టీరియా సంగతి కనిపెట్టిన ఇద్దరికి 2005లో నోబెల్ ఇచ్చారు, వాళ్ళలో ఒకాయన తన మీదే ప్రయోగం చేసుకుని ఆ బ్యాక్టీరియాని తాగేశాడట. నాకు ఆ బ్యాక్టీరియా కూడా లేదు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని రాశారు. పేగులు చూడటానికి బాగానే ఉంటాయి, మెదడుకీ పేగులకీ మధ్య నడిచే సంకేతాలు మాత్రం అతిగా ఉంటాయి. "మీకేం లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపించారు.

ఈ మాట ఆ ఏడాది ఎన్నిసార్లు విన్నానో. రిపోర్టు నార్మల్ అంటే ఆ పరీక్ష వెతికిన జబ్బు దొరకలేదని అర్థం. అంతవరకు చెబితే సరిపోతుంది. "మీకేం లేదు" అనేసరికి నొప్పితో వచ్చిన మనిషి అబద్ధం ఆడుతున్నట్టవుతుంది. ఇంట్లోవాళ్ళ చూపు కూడా మారుతుంది, మంచివాళ్ళే అయినా.

మే చివర ప్రాజెక్టు ముగిసింది. జూన్‌లో సెలవు పెట్టాను. జులైకల్లా బీపీ ఇంట్లో చూసుకుంటే 130 లోపే ఉంటోంది. గండం గడిచిందనుకున్నాను. ఆగస్టులో జుట్టు ఊడటం మొదలైంది.

రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు ఎవరికైనా రాలతాయి. నాకు దువ్వెన పెడితే కుచ్చులు వస్తున్నాయి. తలంటుకుంటే నీళ్ళు పోయే జాలీ మూసుకుపోయేది. ఛాతీ నొప్పికి కూడా అంత భయపడలేదు. స్కిన్ డాక్టర్ వేళ్ళ మధ్య ఒక పాయ పట్టుకుని కుదుళ్ళ నుంచి చివరికి మెల్లగా లాగి, చేతిలోకి వచ్చినవి లెక్కపెట్టారు. అది కూడా ఒక పరీక్షేనట. తర్వాత "రెండు మూడు నెలల కింద ఏం జరిగింది?" అని అడిగారు. ఇప్పుడంతా ప్రశాంతంగా ఉందండీ అన్నాను. "ఇప్పటి సంగతి కాదు" అన్నారు. గట్టి దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం ఆపేసి విశ్రాంతిలోకి వెళ్తాయి. ఆ విశ్రాంతి దాదాపు మూడు నెలలు. ఆ తర్వాతే అవి రాలతాయి. అంటే నేను సెలవులో హాయిగా ఉన్నాననుకున్న రోజుల్లో ఏప్రిల్, మే నెలల లెక్క అక్కడ నడుస్తూనే ఉంది.

అయినా ఆమె అంతటితో వదల్లేదు, అందుకు రుణపడి ఉన్నాను. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ రాశారు. థైరాయిడ్ బాగుంది. ఫెరిటిన్, అంటే ఒంట్లో దాచిపెట్టుకునే ఐరన్, బాగా తక్కువ ఉంది. హిమోగ్లోబిన్ నార్మల్‌గా ఉన్నా అది తక్కువ ఉండొచ్చట. కాబట్టి నా జుట్టు విషయంలో నేరమంతా ఒత్తిడిది కాదు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు, కాఫీ టీలతో వేసుకోకూడదన్నారు. కాఫీకి గంటన్నర దూరం పాటించడం నాకు మాత్ర మింగడం కంటే కష్టమైంది.

అక్టోబర్‌లో, ఇన్ని ఫైళ్ళూ మోసుకుని, మా తమ్ముడు చెప్పిన ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాను. పెద్దావిడ. ఫైళ్ళు పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, పెన్ను నా చేతికిచ్చారు. "గీత మీద నెలలు రాయమ్మా. పైన నీ జీవితంలో జరిగినవి, కింద ఒంట్లో వచ్చినవి." నేను రాస్తుంటే ఆమె మాట్లాడలేదు. పైన డిసెంబర్ నుంచి మే దాకా నిండిపోయింది. కింద ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నిండిపోయింది. పైన రాసినవాటికి కొన్ని నెలలు వెనకగా కిందివి నడిచాయి. అంతకు ముందు నేను చూపించుకున్న డాక్టర్లలో ఎవరూ తప్పు చెప్పలేదు, ఎవరి ముక్క వాళ్ళు చూశారు. మొత్తం ఒక్క కాగితం మీద ఎవరూ పెట్టలేదు, నేను కూడా.

ఆమె వివరించింది ఇదీ. ఒత్తిడి వస్తే ఒంట్లో రెండు హార్మోన్లు పెరుగుతాయి. అడ్రినలిన్ పని సెకన్లలో, గుండె దడ దానిదే. దాని వెనక కార్టిసాల్ నిమిషాలు, గంటల లెక్కన నడుస్తుంది. అవి రెండూ నెలల తరబడి దిగకపోతే నిద్ర, బీపీ, పేగులు, కండరాలు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. ఒక్కో అవయవం గడువు ఒక్కోలా ఉంటుంది.

అయితే కార్టిసాల్ పరీక్ష చేయించుకుంటానని అడిగాను, ఇంటర్నెట్ నిండా అదే కదా. వద్దన్నారు. కార్టిసాల్ పొద్దున లేచాక బాగా ఎక్కువుంటుంది, అర్ధరాత్రికి అడుగుకి పడిపోతుంది. ఆ పరీక్ష ఉన్నది అడ్రినల్, పిట్యూటరీ గ్రంథుల జబ్బులు పట్టుకోవడానికి. ఒక అంకెతో మనిషి ఒత్తిడి చెప్పలేం. "అడ్రినల్ ఫెటీగ్" పేరుతో అమ్మే మాత్రలు కూడా కొనొద్దన్నారు, అసలు వైద్యంలో అలాంటి జబ్బే లేదట. కార్టిసాల్ పరీక్ష బదులు గాభరా ఎంతుందో చూసే ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఏడు ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించిందో టిక్ పెట్టాలి. మొత్తం 21కి నాకు 13 వచ్చింది. పది, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిందే. గాభరాపడే మనిషిని కానని పైన రాశాను కదా.

సైకాలజిస్టు అపాయింట్‌మెంట్‌కి ఆరు వారాలు. ఇంతవరకు జరిగిన వాటిలో ఎక్కువ ఆగింది ఇక్కడే. నేను ఏడవాల్సి వస్తుందని, చిన్నతనం తవ్వుతారని భయపడ్డాను. మొదటి కొన్ని వారాలు అంతా నిద్ర గురించే. రోజూ ఒకే టైముకి లేవాలి, రాత్రి ఎప్పుడు పడుకున్నా సరే. ఇరవై నిమిషాల్లో నిద్రపట్టకపోతే మంచం దిగిపోవాలి. నిద్ర వచ్చేదాకా మళ్ళీ ఎక్కకూడదు. చలిలో హాల్లో కూర్చుని ఆమెను తిట్టుకున్న రాత్రులు ఉన్నాయి. మూడో వారం నుంచి పని చేసింది. కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదలడం కూడా నేర్పించారు. పిడికిలి, భుజాలు, నుదురు, దవడ. జాకబ్సన్ అనే డాక్టర్ వందేళ్ళ కిందట తయారుచేసిన పద్ధతట. భుజాలు వదిలేదాకా అవి చెవుల దాకా ఎత్తి ఉన్నాయని నాకు తెలియనే తెలియదు.

ఖర్చు విషయానికొస్తే, అన్నిటికంటే పెద్ద బిల్లు ఎమర్జెన్సీ రాత్రిది, తర్వాత ఎండోస్కోపీ. నైట్ గార్డ్‌కీ, సైకాలజిస్టుకీ నా ఇన్సూరెన్స్ రాలేదు, ముందే అడిగి తెలుసుకోండి. అన్నిటికంటే తక్కువ ఫీజు ఆ కాగితం మీద గీత గీసినావిడది. రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టుకోవడం వల్ల రెండు చోట్ల చేసిన రక్త పరీక్షలే మళ్ళీ చేయించే బాధ తప్పింది.

ఇప్పుడు ఎలా ఉన్నానంటే, బీపీ మిషన్ ఈ ఏప్రిల్‌లో మళ్ళీ పెట్టారు, పగటి సగటు 129/82, రాత్రి తగ్గాల్సినంత తగ్గుతోంది. నుదుటి దగ్గర కొత్త జుట్టు పొట్టిగా నిక్కబొడుచుకుని లేచింది, ఎంత దువ్వినా అణగదు. ఐరన్ ఇంకా నడుస్తోంది. నైట్ గార్డ్‌కి ఒకచోట గంటు పడింది, పళ్ళ డాక్టరమ్మ చూసి ఇంకో ఏడాది వస్తుందన్నారు. కడుపు మీటింగ్ రోజుల్లో ఇప్పటికీ మాట వినదు. పోయిన నెల ఆడిట్ వారంలో ఎడమ కనురెప్ప అదరడం మొదలైంది. మేనేజర్‌కి చెప్పి రాత్రి కాల్స్‌లో రెండు వేరేవాళ్ళకి ఇప్పించాను. ఆయన ఎందుకని అడిగితే కన్ను చూపించాను.